ఎనిమిది గంటల ఇరవై నిమిషాలు నిద్రపోయిన జాబ్

మా టీమ్‌లో కామెంట్ల గొడవ (కోడులో మనుషుల కోసం రాసుకునే వివరణలు) ఒక అంకెతో మొదలైంది. 30000.

మా ప్రాజెక్టు సగం పైథాన్, సగం జావాస్క్రిప్ట్. పైథాన్ సగం రాత్రిపూట దానంతటదే నడిచే ఒక జాబ్, రిపోర్టులు తయారుచేసి బయటి సిస్టమ్‌కి పంపుతుంది. జావాస్క్రిప్ట్ సగం నోటిఫికేషన్లు చూసుకుంటుంది. నెట్‌వర్క్ మొరాయిస్తే రెండూ కాసేపు ఆగి మళ్ళీ ప్రయత్నించాలి. ఎంతసేపు ఆగాలన్నది ఇద్దరికీ కలిపి ఒకే కాన్ఫిగ్ (సెట్టింగుల) ఫైల్లో ఉండేది: రిట్రై_వెయిట్ = 30. దాని పైన కామెంటు లేదా అంటే, ఉంది. "మళ్ళీ ప్రయత్నించే ముందు ఆగాల్సిన సమయం" అని. ఆ మాత్రం వేరియబుల్ పేరే చెబుతోంది కదా. చెప్పాల్సిందల్లా అది సెకన్లా, మిల్లీసెకన్లా అన్న ఒక్క ముక్క. అదే లేదు.

ఒకరోజు జావాస్క్రిప్ట్ చూసే కుర్రాడు తన కోడు అవతలి సర్వర్‌ని ఊపిరి పీల్చుకోనివ్వడం లేదని గమనించాడు. కాసేపు ఆగి పని చెయ్యమని చెప్పే సెట్‌టైమౌట్ తీసుకునేది మిల్లీసెకన్లు. 30 అంటే రెప్పపాటు కూడా కాదు. వెళ్ళి కాన్ఫిగ్‌లో 30ని 30000 చేశాడు. అతని వైపు నుంచి చూస్తే నూటికి నూరుపాళ్ళూ కరెక్టు. రివ్యూ చేసి అప్రూవ్ కొట్టింది నేనే.

పైథాన్‌లో ఆగమని చెప్పే టైమ్.స్లీప్ తీసుకునేది సెకన్లు. ఆ రాత్రి 11:40కి రిపోర్టు పంపడం ఒకసారి ఫెయిలైంది. "మళ్ళీ ప్రయత్నిస్తాం" అని లాగ్‌లో ఒక లైను రాసి జాబ్ పడుకుంది. ముప్ఫై వేల సెకన్లు, అంటే ఎనిమిది గంటల ఇరవై నిమిషాలు. లాగ్‌లో తర్వాతి లైను పొద్దున 8:00కి ఉంది. ఎర్రర్ లేదు, క్రాష్ లేదు, అలర్ట్ లేదు. సరిగ్గా ఎనిమిదింటికి లేచింది కాబట్టి ఎవరో షెడ్యూల్ మార్చారనే అందరం అనుకున్నాం. మధ్యాహ్నం దాకా షెడ్యూలర్‌ని తవ్వుతూనే ఉన్నాం. లాగ్‌లో రెండు లైన్లకీ సెకన్ల దగ్గర ఒకే అంకె ఉండడం చూసి, రెంటి మధ్య తేడాని సెకన్లలోకి మార్చింది మా టీమ్‌లో కొత్తగా చేరిన అమ్మాయి. స్క్రీన్ మీద 30000 అని కనబడగానే నాకు చెమటలు పట్టాయి.

అన్నిటికన్నా నన్ను తొలిచేసిన విషయం ఇంకొకటి. వెతికితే ఆ యూనిట్ గురించి మా కోడులో రెండు చోట్ల రాసి ఉంది. పైథాన్ ఫైల్లో లైను చివర సెకన్లని పొట్టిగా, జావాస్క్రిప్ట్ ఫంక్షన్ పైన జేఎస్‌డాక్ కామెంటులో "ఎంఎస్" (మిల్లీసెకన్లు) అని పద్ధతిగా. ఇద్దరూ బాధ్యతగా రాశారు, ఎవరి ఇంట్లో వాళ్ళు. విలువ ఉన్న చోట మాత్రం ఎవరూ రాయలేదు. 1999లో నాసా వాళ్ళ మార్స్ క్లైమేట్ ఆర్బిటర్ పోయింది కూడా ఇలాంటి తేడాతోనే. ఒక సాఫ్ట్‌వేర్ పౌండ్-ఫోర్స్ సెకన్లలో లెక్క ఇస్తుంటే, ఇంకొకటి వాటిని న్యూటన్ సెకన్లుగా తీసుకుంది. మాది అంత ఘనకార్యం కాదు లెండి, ఒక రాత్రి రిపోర్టు.

ఆ వారాంతం కూర్చుని నేను పదకొండు పేజీల డాక్యుమెంటు రాశాను. "కామెంటింగ్ ప్రమాణాలు, వెర్షన్ 1.0". స్టార్ గుర్తులు ఎక్కడ రావాలి, హ్యాష్ తర్వాత ఎన్ని ఖాళీలు, వాక్యం పెద్దక్షరంతో మొదలవ్వాలా, ఫుల్‌స్టాప్ ఉండాలా, అన్నీ. సోమవారం అందరికీ పంపాను. నలుగురు బొటనవేలు గుర్తు పెట్టారు. చదివింది ఎంతమందో అదే వారం రివ్యూల్లో తేలిపోయింది. ఒక పుల్ రిక్వెస్ట్‌కి (కోడు మార్పుని చూసి ఒప్పుకోమని పెట్టేది) ఇరవై మూడు రివ్యూ కామెంట్లు వస్తే, అందులో పంతొమ్మిది ఫుల్‌స్టాపుల గురించీ ఖాళీల గురించీ. ఆ పంతొమ్మిదిలో పదహారు నావే. అదే పుల్ రిక్వెస్ట్‌లో ఒక ఎక్సెప్షన్‌ని (నడుస్తుండగా వచ్చే ఎర్రర్‌ని) పట్టుకుని నిశ్శబ్దంగా మింగేసే కోడు ఉంది. దాన్ని ఎవరూ చూడలేదు, ఫుల్‌స్టాపులు లెక్కపెట్టే పనిలో ఉన్నాం మరి.

మా సీనియర్ ఒకాయన ఉన్నారు, నాకంటే పదేళ్ళు పెద్ద. మీటింగుల్లో ఎక్కువ మాట్లాడరు. ఆయన నా డాక్యుమెంటు తెరిచి, "ఇందులో ఎన్ని ఉదాహరణలు మన కోడులోవి?" అని అడిగారు. ఒక్కటీ లేదు. అన్నీ నేను కల్పించినవే, ఫూ, బార్ లాంటి ఉత్తుత్తి పేర్లతో.

అక్కడ నాకు దారి దొరికింది. మా కోడంతా ఉండే రిపాజిటరీలోంచే నలభై కామెంట్లు ఏరాను. రాసినవాళ్ళ పేర్లు తీసేశాను (ఎవరివో అందరికీ తెలుసనుకోండి, అది వేరే సంగతి). గంట మీటింగు పెట్టి, ఒక్కోటీ స్క్రీన్ మీద వేసి, ఉంచుదామా, మారుద్దామా, తీసేద్దామా అని మాత్రమే అడిగాను. ఏడుగురం. నియమాల గురించి ఎవరూ మాట్లాడకూడదని ముందే ఒప్పందం.

ముప్ఫై నాలుగింటికి క్షణాల్లో ఏకాభిప్రాయం వచ్చేసింది. "ఐ విలువని ఒకటి పెంచు" అన్నది ఎవరూ ఉంచమనలేదు. "టెంపరరీ" అన్న ఒకే ఒక్క పదం ఉన్న కామెంటుకి నాలుగేళ్ళ వయసని, ఏ లైను ఎవరు ఎప్పుడు రాశారో చెప్పే గిట్ బ్లేమ్ చూపిస్తే అందరం నవ్వుకున్నాం. మీద ఒకటి రాసి కింద కోడు ఇంకోటి చేస్తున్నవి అయిదు దొరికాయి. పైథాన్ వాళ్ళ కోడు శైలి మార్గదర్శకం పెప్ 8లో దీని గురించి నేరుగానే రాసి ఉంటుంది, కోడుకి విరుద్ధంగా ఉన్న కామెంటు అసలు కామెంటు లేకపోవడం కన్నా అధ్వాన్నమని.

మిగిలిన ఆరింటి మీదే అసలు మీటింగు నడిచింది. అందులో ఒకటి:

# డోంట్ రిమూవ్. విల్ బ్రేక్.

దాని కింద ఉన్నది ఒకటే లైను. రిపోర్టు ఫైల్ చివర ఒక న్యూలైన్ కలిపే లైను. తీసేద్దామంది కొత్తమ్మాయి. "ఏది బ్రేక్ అవుతుందో చెప్పనప్పుడు అది కామెంటు ఎలా అవుతుందండీ, బెదిరింపు గానీ" అంది. సీనియర్ ఒప్పుకోలేదు. ఎవరో కాలు కాల్చుకునే రాసి ఉంటారని ఆయన వాదన. ఎవరో అని చూస్తే, వాళ్ళు టీమ్ వదిలి చాలా కాలమైంది. మార్పుతో పాటు రాసే కమిట్ మెసేజ్ "ఫిక్స్". అంతే. ఆ మూడక్షరాల మీద పావుగంట పోయింది.

సరే, లైను తీసేసి టెస్టులు నడిపాం. అన్నీ పాసయ్యాయి. ఆమె సీనియర్ వైపు చూసింది. ఆయన, "స్టేజింగ్‌లో రెండు రోజులు పెట్టి చూద్దాం" అన్నారు, అంటే అసలు సిస్టమ్‌కి ముందు పరీక్షించే చోట. రెండో రోజున అవతలి టీమ్ నుంచి మెసేజ్ వచ్చింది, రిపోర్టులో ఒక రికార్డు తక్కువ వస్తోందని. ఒకటే, ఎప్పుడూ ఆఖరిదే. అవతల మా ఫైల్ చదివేది ఒక పాత షెల్ స్క్రిప్టు, వైల్ రీడ్ లూప్ పెట్టి లైను లైనుగా చదువుతుంది. ఆఖరి లైను తర్వాత న్యూలైన్ లేకపోతే రీడ్ ఆ లైనుని చదువుతుంది గానీ ఫెయిలయినట్టు చెబుతుంది. దాంతో లూప్ ఆగిపోతుంది, ఆఖరి రికార్డు లెక్కలోకి రాదు. మా టెస్టుల్లో ఫైల్ చదివేది పైథాన్. దానికి న్యూలైన్ ఉన్నా లేకపోయినా ఒకటే.

లైను తిరిగి పెట్టి, కామెంటు ఇలా మార్చాం: "ఫైల్ చివర న్యూలైన్ ఉండాలి. దిగుమతి చేసుకునే షెల్ స్క్రిప్టు వైల్ రీడ్ వాడుతుంది, న్యూలైన్ లేకపోతే ఆఖరి రికార్డు వదిలేస్తుంది." టికెట్ నంబరు కూడా. రెండు లైన్లు. పాతది రాసినాయనకి ఆ రోజు ఇదంతా తెలిసే ఉంటుంది. రాయడానికి ఒక నిమిషం పట్టేది.

ఇలాంటి చోట మన అదృష్టం బాగుంటే ఒక రికార్డు పోతుంది. బాగోకపోతే ఎంత దూరం పోతుందో చెప్పడానికి నేను ఆ మీటింగులో డెబియన్ కథ చెప్పాను. 2006లో డెబియన్ అనే లినక్స్‌లో ప్యాకేజీ చూసేవాళ్ళు, ఎన్‌క్రిప్షన్ లైబ్రరీ ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ ర్యాండమ్ నంబర్ల కోడులో రెండు లైన్లు కామెంటు చేసేశారు (అంటే నడవకుండా ఆపేశారు), వాల్‌గ్రైండ్ లాంటి తప్పులు పట్టే టూల్స్ వాటి మీద వార్నింగులు ఇస్తున్నాయని. చూడ్డానికి ఒకేలా ఉన్న రెండు లైన్లు. ఒకదాని పక్కన ప్యూరిఫై అనే టూల్ గోల పెడుతుందని అసలు రచయితలే రాసుకున్నారు. అదొక్కటీ తీసేసినా పెద్దగా నష్టం లేదు. రెండోది మాత్రం ర్యాండమ్‌నెస్‌ని పోగుచేసే లైను, ప్రాణం లాంటిది. అదీ పోయింది. బయటపడింది 2008 మే నెలలో. ఆ మధ్య కాలంలో డెబియన్, ఉబుంటు మెషీన్ల మీద పుట్టిన ఎన్‌క్రిప్షన్ తాళాల్లో మిగిలిన ర్యాండమ్‌నెస్ అల్లా ప్రాసెస్ నంబరే. అంటే ఒక్కో రకం మెషీన్ మీద, ఒక్కో సైజుకి, మహా అయితే 32,768 తాళాలు. తప్పు కామెంటుదే అని నేను అనను. కానీ ఆ రెండో లైను ఎందుకుందో దాని పక్కనే రాసి ఉంటే చేయి కాస్త తటపటాయించేది కదా.

మిగిలిన అయిదింటిలో చాలా రోజులు నలిగింది క్రియాపదం గొడవ. చిన్నదే, కానీ ఇందులో ఇద్దరూ కరెక్టే కావడం తమాషా. జావా నుంచి వచ్చినాయన డాక్‌స్ట్రింగులన్నీ (ఫంక్షన్ ఏం చేస్తుందో దానిలోనే రాసే వివరణలు) "జాబితా ఇస్తుంది", "ఫైల్ మూసేస్తుంది" అన్న ధోరణిలో రాస్తాడు. పైథాన్‌లోనే పెరిగినవాళ్ళు "జాబితా ఇవ్వు", "ఫైల్ మూసెయ్" అంటారు. జావాడాక్ వాళ్ళ పాత మార్గదర్శకం మొదటి పద్ధతి వాడమంటుంది. పైథాన్ డాక్‌స్ట్రింగుల మార్గదర్శకం పెప్ 257 ఆజ్ఞాపించినట్టు రాయమంటుంది. గూగుల్ వాళ్ళ పైథాన్ గైడు ఏదైనా పర్లేదు, ఒక ఫైల్లో మాత్రం ఒకేలా ఉంచమంటుంది. ఎవరి గ్రంథం వారి చేతిలో ఉంది. మా రిపాజిటరీలో ఏది ఎక్కువుందో లెక్కపెట్టాం, గూగుల్ పద్ధతి డాక్‌స్ట్రింగులు, అందులో "ఇస్తుంది" ధోరణి. అదే ఖాయం చేసేశాం. నాకు "ఇవ్వు" ఇష్టం. అయినా సరే.

భాష సంగతి కూడా వచ్చింది. మా కోడులో ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు కామెంట్లు ఓ డజను దాకా ఉన్నాయి. "ఇది ముట్టుకోకు రా బాబూ" లాంటివి. నిజం చెప్పాలంటే ఇంగ్లీషు వాటి కన్నా అవే సూటిగా ఉన్నాయి. కానీ అవతలి టీమ్‌లో తెలుగు రానివాళ్ళున్నారు. పెప్ 8లో దీనికీ ఒక మాట ఉంది: మీ భాష రానివాళ్ళు ఈ కోడు ఎప్పటికీ చదవరని 120 శాతం నమ్మకముంటే తప్ప ఇంగ్లీషులోనే రాయండని. మాకు ఇరవై శాతం కూడా లేదు. మార్చాం. ఒక్కటి మాత్రం టెస్టుల ఫోల్డర్లో ఉండిపోయింది, అందరం చూసీ చూడనట్టున్నాం.

నేను ఓడిపోయిన చోటు గురించీ చెప్పాలి. ప్రతి ఫంక్షన్‌కీ డాక్‌స్ట్రింగ్ ఉండి తీరాలని, లేకపోతే బిల్డ్ ఫెయిలవ్వాలని నా పట్టుదల. సీనియర్ వద్దన్నారు. నేను వినలేదు, రెండు వారాలు పెట్టి చూద్దామన్నాను. రెండు వారాల్లో మా కోడులోకి నూట పది కొత్త డాక్‌స్ట్రింగులు వచ్చాయి. గెట్_నేమ్ కింద "పేరు ఇస్తుంది". సెట్_స్టేటస్ కింద "స్టేటస్ సెట్ చేస్తుంది". అంతా ఇదే. టూల్ నోరు మూయించడానికి రాసిన రాత. ఆయన ఏమీ అనలేదు, ఆ జాబితా ప్రింటు తీసి నా బల్ల మీద పెట్టి వెళ్ళారు. ఇప్పుడు వేరే మాడ్యూళ్ళు పిలిచే ఫంక్షన్లకే డాక్‌స్ట్రింగ్ తప్పనిసరి. లోపలివాటికి అవసరమనిపిస్తే రాసుకోవచ్చు.

చూడగానే తప్పని చెప్పగలిగేవన్నీ టూల్‌కి అప్పగించేశాం. హ్యాష్ తర్వాత ఖాళీ, డాక్‌స్ట్రింగ్ ఆకారం రఫ్ అనే పైథాన్ టూల్ చూసుకుంటుంది. రివ్యూలో మనుషులు వాటి గురించి ఒక్క మాట కూడా రాయకూడదు, రాస్తే ఎదుటివాళ్ళు పట్టించుకోనక్కర్లేదు. టూడూ (తర్వాత చెయ్యాలన్న గుర్తు) రాస్తే పక్కన ఆ పనికి వేసిన టికెట్ నంబరు ఉండాలి. మొదట్లో మనిషి పేరు రాయాలనుకున్నాం గానీ, మనుషులు టీములు మారతారు, టికెట్లు మారవు. ఈ నియమం పెట్టిన రోజు మా కోడులో నూట ఎనభై ఏడు టూడూలు ఉన్నాయి. టికెట్ వెయ్యాల్సి వస్తుందనేసరికి అరవై ఒకటి మిగిలాయి. తక్కినవి ఎవరూ ఎప్పటికీ చెయ్యరని రాసినవాళ్ళకే తెలుసు. అలాగే లింటర్ (కోడులో తప్పులు పట్టే టూల్) నోరు కట్టేసే కామెంట్లు. ఏ రూల్‌ని ఎందుకు ఆపుతున్నామో అక్కడే రాయాలి. జావాస్క్రిప్ట్ లింటర్ ఈఎస్‌లింట్‌లో ఏడో వెర్షన్ నుంచి రెండు గీతలు పెట్టి కారణం రాసుకునే వీలుంది. పైథాన్ వైపు రూల్ కోడు లేని ఉత్త నోక్యూఏ (ఈ లైను వదిలెయ్ అని లింటర్‌కి చెప్పే కామెంటు) కనబడితే రఫ్ పట్టుకుంటుంది, కారణం మాత్రం రివ్యూలో మనమే అడగాలి.

కామెంటు చేసి వదిలేసిన పాత కోడు తీసెయ్యాలన్నది నియమం, గిట్‌లో ఎలాగూ ఉంటుంది కాబట్టి. సీనియర్ ఫైళ్ళలో ఇంకా కొన్ని ఉన్నాయి. అడిగితే "చూద్దాం" అంటారు.

ఇలాంటి పని మీరూ మొదలుపెడుతుంటే ఒక్క జాగ్రత్త. పాత కామెంట్లన్నీ ఒకే దెబ్బకి సర్దే కమిట్ చేశామనుకోండి, తర్వాత ఏ లైను మీద గిట్ బ్లేమ్ కొట్టినా మీ పేరే వస్తుంది. మూడు వందల ఫైళ్ళకి నేను నైతిక బాధ్యత వహించిన వారం ఒకటి ఉంది. గిట్ 2.23 నుంచి, అంటే 2019 నుంచి, బ్లేమ్ లెక్కలోంచి కొన్ని కమిట్లని తప్పించే సదుపాయం ఉంది. ఆ కమిట్ నంబరుని ఒక ఫైల్లో రాసి, కాన్ఫిగ్‌లో బ్లేమ్ కింద ఇగ్నోర్‌రెవ్స్‌ఫైల్‌కి ఆ ఫైల్ పేరు ఇస్తే చాలు. సర్దుడు కమిట్‌లో ఇంకే మార్పూ కలపకూడదు మరి. నేను కలిపాను, అందుకే ఆ వారం.

పదకొండు పేజీల డాక్యుమెంటు ఇప్పుడు ఒక స్క్రీన్‌లో పడుతుంది. నియమాలు తక్కువ, ముందూ తర్వాతా జతలు ఎక్కువ, అన్నీ ఆ నలభైలోవే. కొత్తగా ఎవరైనా చేరితే అదే పంపుతాం.

రిట్రై_వెయిట్ దగ్గరికి మాత్రం చివర్లో వచ్చాం. యూనిట్ చెప్పే చక్కటి కామెంటు నేనే రాశాను, కొత్త పద్ధతిలో, టికెట్ నంబరుతో సహా. కొత్తమ్మాయి రివ్యూ చేసి, "పేరే రిట్రై_వెయిట్_సెకన్లు అని మార్చేస్తే సరిపోదా అండీ?" అని రాసింది. సరిపోతుంది. కామెంటు తీసేశాను. ఇన్ని నెలల గొడవకి కారణమైన లైను పైన ఇప్పుడు ఏ కామెంటూ లేదు. జావాస్క్రిప్ట్ కుర్రాడు తన వైపు దాన్ని వెయ్యితో గుణించి, పక్కన ఇంగ్లీషులో "సెట్‌టైమౌట్‌కి మిల్లీసెకన్లు కావాలి" అని రాశాడు. చివర ఫుల్‌స్టాప్ పెట్టలేదు. చూశాను, అప్రూవ్ కొట్టాను.